పడమటి జట్టులో మూడోది

ఎడో నగరం, క్యోబాషి వీధి
మొదటి నెల, ఇరవయ్యో రోజు

నుయి అక్కకు సేరోకు దండాలు.

పని పడితే తప్ప నీకు అక్క గుర్తు రాదని ఎత్తిపొడుస్తూ ఉంటావు కదా. ఈసారి కూడా పనే. కానీ పెద్ద పని. మా అచ్చు దుకాణం యజమాని దయ్యాలకు, భూతాలకు, రాక్షసులకు వరసపత్రం తయారు చేయమని నా నెత్తిన పెట్టాడు. కుస్తీ పోటీలకు వేస్తాం చూడు, తూర్పు జట్టు ఒకవైపు, పడమటి జట్టు ఒకవైపు, పైన మొనగాళ్ల పేర్లు లావుపాటి అక్షరాల్లో, కిందికి దిగేకొద్దీ సన్నబడి అట్టడుగున వెంట్రుకల్లాంటి అక్షరాల్లో, అచ్చం అలాగే. పోయినేడు వేడినీటి ఊటలకు వేశాం, ఊరగాయలకు వేశాం, గయ్యాళి అత్తలకు కూడా వేశాం. అన్నీ చెల్లిపోయాయి. ఇప్పుడు దయ్యాల వంతు.

తేలికనుకున్నాను. పది రోజులుగా బుర్ర తిరిగిపోతోంది. నక్క ఆడమనిషి వేషం కట్టుకుని కాపురం చేస్తే అది దయ్యమా, నక్కా, పెళ్లామా? నదిలో ఉండే కప్పా ఉన్నాడు, నెత్తిమీద నీళ్ల గుంట ఉన్నవాడు. మనుషుల్ని నీళ్లలోకి లాక్కుపోతాడు. కానీ మనం వంగి దండం పెడితే తనూ వంగి, నెత్తిన నీళ్లు ఒలకబోసుకుని నీరసపడిపోతాడు. అంత మర్యాదస్తుణ్ణి ఎక్కడ పెట్టను? పాత గొడుగు ఒంటికాలి మీద గెంతితే భూతాల్లో వెయ్యాలా, సామాన్లలో వెయ్యాలా? అచ్చుకి చెక్క పలకలు చెక్కే గెన్సుకె తాత పక్కన కూర్చుని సలహాలిస్తున్నాడు.

"ఒరే సేరోకూ, నువ్వు దేనికి భయపడతావో రాయి. నేను దేనికి భయపడతానో నేను చెప్తా. ఇద్దరికీ కలిసింది పైన పెట్టెయ్, గొడవ ఒదిలిపోద్ది" అన్నాడు.

రాసి చూశాం. ఇద్దరికీ కలిసింది మా యజమాని ఒక్కడే.

అక్కా, పక్క వీధి దుకాణం వాళ్లు కూడా ఇదే వేస్తున్నారని తెలిసింది. మనది ముందు రావాలి, పైగా ఎడోలో ఎవరూ వినని భూతం ఒకటైనా అందులో ఉండాలి. అలా చేస్తే పత్రం మూలన నా పేరు వేస్తానన్నాడు యజమాని. పదకొండేళ్లు ఇంకొకరి పేర్లు అచ్చు వేసినవాడికి అది ఎంతో నీకు తెలుసు. నువ్వు షినానో కొండల్లో ఉన్నావు. అక్కడ చెట్టుకొకటి, వాగుకొకటి ఉంటాయి కదా. నాకొకటి పంపించు.

బావగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు. (అత్తల పత్రంలో ఆవిడ పేరు వేయలేదని చెప్పు.)

కురోకుబో ఊరు
రెండో నెల, తొమ్మిదో రోజు

తమ్ముడు సేరోకుకి,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే అత్తగారు, "ఏంటమ్మాయ్, ఎడోలో అన్నీ నవ్వులేనా?" అంది. ఇక్కడ మంచు చూరుదాకా ఉంది. గుర్రాలాయన కనుమ దాటి వచ్చినప్పుడే ఉత్తరాలు.

కొండ ముసలమ్మ నీకు తెలిసే ఉంటుంది. మంచుపిల్ల కూడా పాతదే. ఇంకేముందా అని మూడు రోజులు ఆలోచించాను. ఉన్నది ఉంది, చెప్పాలా వద్దా అని ఇంకో రెండు రోజులు ఆలోచించాను.

మా ఇంట్లోనే ఒకటి ఉంది. పట్టుపురుగుల గది వెనకాల ఇంకో చిన్న గది ఉంది, దాని తలుపుకి బయట గడియ. దానికి పేరు లేదు. ఇంట్లోవాళ్లు "లోపలిది" అంటారు. కాపురానికొచ్చిన రోజునే అత్తగారు నన్ను ఆ తలుపు దగ్గర నిలబెట్టి, "ఇది తియ్యకూడదు. లోపలున్నదాన్ని చూడకూడదు. అది ఉన్నంతకాలం పట్టు బాగా పండుతుంది" అంది. అప్పుడప్పుడు చిన్న అడుగుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు కింద సందులోంచి రోజూ గిన్నెడు అన్నం తోస్తాం. గిన్నె ఖాళీగా వెనక్కొస్తుంది. కడిగి ఉంటుంది. అత్తగారి నడుం పట్టేసినప్పటి నుంచీ గిన్నె నేనే తోస్తున్నాను. పుట్టడమే పళ్లతో పుట్టిందట. అంతకు మించి మీ బావగారు చెప్పరు. అడిగితే లేచి కట్టెలు కొట్టడానికి వెళ్లిపోతారు.

నీకు పనికొస్తే వాడుకో. కానీ మా ఇంటి పేరు, ఊరి పేరు ఎక్కడా రానివ్వకు. అత్తగారికి తెలిస్తే నన్ను బతకనివ్వదు.

ఎడో, క్యోబాషి వీధి
మూడో నెల, రెండో రోజు

అక్కా! బంగారం పంపించావు!

నీ ఉత్తరం దుకాణంలో పైకి చదివి వినిపించాను. యజమాని పొగాకు గొట్టం చేతిలో పట్టుకుని వెలిగించడమే మరిచిపోయాడు. ఎడోలో ఇలాంటిది ఎవరూ వినలేదు.

కానీ ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. ఎక్కడ పెట్టాలి? కీడు చేసేవాటిని తూర్పు జట్టులో, మేలు చేసేవాటిని పడమటి జట్టులో వేస్తున్నాను. నీ లోపలిది మేలు చేస్తుందంటున్నావు, కానీ గడియ పెడుతున్నారు. మేలు చేసేదానికి గడియ ఎందుకు? పళ్లతో పుట్టిందంటే పుట్టుక ఉందన్నమాట. ఉంటే ఎవరికి పుట్టింది? గెన్సుకె తాత అయితే ఉలి కింద పెట్టేసి, "గిన్నె కడిగి ఇచ్చే దయ్యం ఏంట్రా? నా కోడలే కడగదు" అన్నాడు. అందరం నవ్వాం. తాత మాత్రం నవ్వలేదు, తల గోక్కుంటూ కూర్చున్నాడు.

నాకు వెంటనే ఇవి రాసి పంపు. చేతికి వేళ్లెన్ని? మాట్లాడుతుందా? ఎవరికైనా హాని చేసిందా? ఎంత ఎత్తు ఉంటుంది? నీడ పడుతుందా? పలక చెక్కడం మొదలుపెట్టేశాం. కింది వరసలు అయిపోయాయి, పై వరసలకే ఆగాం.

కురోకుబో
మూడో నెల, ఇరవై ఆరో రోజు

సేరోకూ,

నీ ప్రశ్నల కాగితం పట్టుకుని ఆ తలుపు దగ్గర కూర్చున్నాను. ఇన్నాళ్లూ గిన్నె తోసి వెంటనే లేచి వచ్చేసేదాన్ని. మొదటిసారి కూర్చున్నాను. అందుకు కారణం నీ కాగితమే కాబట్టి నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు.

గిన్నె తీసుకోవడానికి చెయ్యి వచ్చింది. వేళ్లు ఐదు. గోళ్లు పొడుగ్గా ఉన్నాయి కానీ శుభ్రంగా ఉన్నాయి. చెయ్యి తెల్లగా, ముల్లంగిలా ఉంది.

నేను లేవకపోవడం దానికి తెలిసిపోయింది. కాసేపటికి లోపల్నుంచి, "మంచు పోయిందా?" అని అడిగింది.

సేరోకూ, నేను తలుపుకి ఇంకా దగ్గరగా జరిగాను. అలా అడగడానికి దయ్యానికి మంచుతో పనేమిటి? "ఇంకా పోలేదు" అన్నాను. "మరి చప్పుడు మారింది" అంది. నిజమే, చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను గమనించలేదు. ఆ మర్నాడు, "పోయినేడు వానలా చప్పుడయ్యింది, అది వానా, పురుగులా?" అని అడిగింది. పురుగులు మల్బరి ఆకు తినే చప్పుడు వానలా ఉంటుందిలే. పురుగులంటే ఎలా ఉంటాయని అడిగింది. చెప్పాను. నమ్మలేదు. అవి తెల్లగా ఉండి, గూడు కట్టుకుని లోపల కూర్చుంటాయని చెబితే, "ఎవరు గడియ పెడతారు?" అంది.

మీ బావగారిని నిలదీశాను. "అమ్మనడుగు" అన్నారు. అత్తగారిని అడిగాను. "నాకూ తెలీదు, అమ్మాయ్. తెలిసుంటే ఇలా ఉండేదాన్నా?" అంది. కోపంతో అనలేదు. అది నన్ను మరీ గాభరా పెట్టింది.

దాన్ని నీ పత్రంలో వేయకు. ఆ స్థానంలో నక్కని వేసుకో, ఏదో ఒకటి వేసుకో. ఎందుకని అడక్కు. నాకూ సరిగ్గా తెలియదు.

ఎడో, క్యోబాషి వీధి
నాలుగో నెల, పదకొండో రోజు

అక్కకు,

నీ ఉత్తరం వచ్చేసరికి పలక చెక్కడం అయిపోయి, మూడొందల ప్రతులు అచ్చు పడి, సగం అమ్ముడుపోయాయి. ఒకటి దీనితో పంపుతున్నాను. మూలన చూడు, చిన్న అక్షరాల్లో నా పేరు. అమ్మ ఉంటే బాగుండేది.

పడమటి జట్టులో మూడో స్థానం ఇచ్చాను దానికి. కప్పా కన్నా పైన! పేరు "లోపలిది" అనే ఉంచాను, అంతకన్నా మంచి పేరు తట్టలేదు. నీ మాట మరిచిపోలేదు, ఇంటి పేరు వేయలేదు. ఊరి పేరు మాత్రం వేయక తప్పలేదు. వరసపత్రం అంటేనే అంత కదా. ప్రతి పేరు నెత్తినా పుట్టిన ఊరు ఉండాలి. కుస్తీవాడికి ఉండాలి, ఊరగాయకి ఉండాలి, దయ్యానికీ ఉండాలి. అది లేకపోతే కొనేవాడు ముట్టుకోడు. ఉన్న వంద పేర్లలో ఒక్కదాని నెత్తి బోడిగా కనిపిస్తే అదేమిటని అందరూ దాన్నే చూస్తారు. కాబట్టి "షినానో, కురోకుబో" అని వేశాను. ఎడోలో ఎవరికి తెలుసు ఆ ఊరు? నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు.

నువ్వు వేయొద్దన్న కారణం నాకు అర్థం కాలేదు. మాట్లాడుతుందంటున్నావు. మాట్లాడే వాటికి స్థానం ఇంకా పెరగాలి కదా?

ఇంకొకటి. ర్యోగొకు వంతెన దగ్గర వింతలు చూపించే గుడారం నడిపే కిన్పాచి అనే అతను వచ్చి మూడు ప్రతులు కొన్నాడు. అది ఏ ఇంట్లో ఉందని అడిగాడు. నాకు తెలియదన్నాను.

కురోకుబో
ఐదో నెల, ఐదో రోజు

సేరోకూ,

నీ కిన్పాచి వచ్చాడు. వీధిలో ఎవరినీ అడగకుండా నేరుగా మా వాకిట్లోకే వచ్చాడు. అది నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. పట్టుపురుగులు గూడు కట్టే ముందటి నాలుగో నిద్ర లేచి ఆకుల మీద పడ్డాయి, ఊపిరి సలపని రోజులు. అతను నట్టింట్లో కూర్చుని నీ పత్రం పరిచి, దుడ్డు మూట పక్కన పెట్టి, చదివి వినిపించాడు. "పడమటి జట్టులో మూడోది, అవ్వా. చిన్నాచితకది కాదు. ఇలాంటిది కొండల్లో మురిగిపోతే ఎట్టా? ఎడోకి తీసుకుపోతా, జనం బారులు తీరతారు" అన్నాడు.

అత్తగారు ఆ పత్రం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు. చివరికి, "పన్నెండేళ్లు అదేంటో నాకు తెలీకుండానే కూడెట్టాను. ఇప్పుడు ఎడోవాళ్లు చెప్పారు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో బరువు దిగినట్టు కనిపించింది. నిన్ను అప్పుడు చంపేయాలనిపించింది నాకు.

పట్టుగూళ్లు దించిన మర్నాడు వచ్చి తీసుకుపోతానని వెళ్లాడు. ఆ సాయంత్రమే నేను గడియ తీశాను.

ఆడపిల్ల, సేరోకూ. పన్నెండేళ్లది. జుట్టు మోకాళ్లదాకా ఉంది. వెలుతురుకి కళ్లు మూసుకుని మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన మొదటి భార్య కూతురు. అంతకు మించి వింత ఏమీ లేదు దానిలో.

అత్తగారు అంతా చెప్పింది. రెండు పళ్లతో పుట్టింది, అదే రోజు తల్లి పోయింది. పళ్లతో పుట్టిన బిడ్డని ఇక్కడ నేరుగా పెంచరు. చేటలో పెట్టి నాలుగు దారులు కలిసేచోట పారేస్తారు. ముందే మాట్లాడుకున్న పరాయి మనిషి ఒకరు అటుగా వచ్చి, ఎవరో మంచి బిడ్డని పారేసుకున్నారే అని ఎత్తుకుంటారు. ఆ తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి, మా ఇంట్లో పిల్లలు లేరు, మీ బిడ్డనివ్వండి అని అడిగి తెచ్చుకుంటారు. అప్పుడు అది కీడుతో పుట్టిన బిడ్డ కాదు, దొరికిన బిడ్డ. దీనికీ అలాగే చేశారు. పొరుగూరి పిండిమర ఆవిడ వస్తానంది. ఆ పొద్దునే వాళ్ల మామగారు పోయాడు. మైలతో బిడ్డని ముట్టుకోకూడదని రాలేదు, కబురూ చేయలేదు. అత్తగారు పొద్దెక్కేదాకా గట్టు మీద కూర్చుని చూసింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తట్టుకోలేక వెళ్లి తనే తెచ్చేసింది.

"నేను పారేసిందాన్ని నేనే ఎత్తుకోకూడదమ్మాయ్. ఎవరూ ఎత్తుకోలా. మరి నేను ఇంటికి తెచ్చింది బిడ్డనా, ఆ చేటలోకి ఎక్కి కూర్చున్న ఇంకోదాన్నా? ఎవర్నడగను? గడియ పెట్టా. రేపు ఆలోచిద్దాంలే అనుకున్నా. రేపు, రేపు అనుకుంటూ ఇంతైంది" అంది.

నేను ఆమెని తిట్టలేకపోయాను. రెండేళ్లుగా గిన్నె తోసింది నేనే కదా. అడుగుల చప్పుడు పిల్ల అడుగుల్లా ఉందని నాకు ఏనాడో తెలుసు. దాన్ని నీకు వినోదంగా రాసి పంపింది కూడా నేనే.

ఆ పిల్ల కిన్పాచి మాటలు తలుపు వెనక నుంచి విన్నది. నన్ను అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మూడోది అంటే పెద్దదా, చిన్నదా?"

స్థానం ఇచ్చినవాడివి నువ్వు. జవాబు నువ్వే రాసి పంపు.

ఎడో, క్యోబాషి వీధి
ఐదో నెల, పదహారో రోజు

అక్కా,

ఇది పరుగు తపాలావాడికి ఇచ్చి పంపుతున్నాను. ఆ పిల్ల ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

కిన్పాచికి నాకు తెలియదని చెప్పానన్నది అబద్ధం. అతను సాకే సారా పోయించాడు. మూడో గిన్నె దగ్గర, అది మా అక్క ఇల్లే, పట్టు పండించే కిహాచి ఇల్లు, వాగు వంతెన పక్కనే, అని నేనే చెప్పాను. గొప్పగా చెప్పాను. నా పేరు అచ్చులో పడిన రోజు అది. అందుకే అతను ఎవరినీ అడగకుండా వచ్చాడు. నీకు రాయడానికి సిగ్గేసింది.

నీ ఉత్తరం చదివి పరుగెత్తుకుంటూ వెళ్లి అతని కాళ్లు పట్టుకున్నాను. "అది పిల్ల అంటావేంటయ్యా? దయ్యమని నువ్వే గదా అచ్చేశావు, నేనెవర్ని నమ్మాలి?" అన్నాడు. పత్రం నా మొహం ముందు ఊపాడు.

దుకాణానికి వచ్చి ఏడుస్తూ గెన్సుకె తాతకి చెప్పాను. తాత ఉలి తీసుకుని పలకలోంచి ఆ పేరునీ, ఊరినీ తవ్వేశాడు. సాధారణంగా అలా తవ్వినచోట కొత్త చెక్కముక్క దిగ్గొట్టి ఇంకో పేరు చెక్కుతాం. ఏ పేరు చెక్కాలో ఇద్దరికీ తోచలేదు. ఖాళీగానే అచ్చు వేశాం. యజమాని నానా మాటలు అన్నాడు, మూలన నా పేరు కూడా తీయించేశాడు. అది పోయినందుకు బాధ లేదు. కానీ జనం చూడు, ఖాళీ చోటు చూపించి, "ఇక్కడున్నది పేరు కూడా ఎత్తకూడనంత భయంకరమైందట" అని చెప్పుకుంటూ మునుపటికన్నా ఎక్కువ కొంటున్నారు. నేనేం చేసినా ఇంకోలా తిరుగుతోంది.

దేవత అని వేయనా? అప్పుడు కిన్పాచి ముట్టుకోడు. కానీ మీ ఊరివాళ్లు మళ్లీ గడియ పెడతారు. అబద్ధమని వేయనా? వేస్తే ఎవరు నమ్ముతారు? అక్కా, నేను వంద పేర్లకు చోటు చూపించాను. ఈ ఒక్క పిల్లని ఎక్కడ ఉంచాలో నాకు తెలియడం లేదు. నువ్వేం చేయమంటే అది చేస్తాను.

ఉసుయి కనుమ కింద, సత్రం నుంచి
ఆరో నెల, ఎనిమిదో రోజు

సేరోకూ,

పైన ఊరు చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. నేను కురోకుబోలో లేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, నాకే ఒక కొలిక్కి రాలేదు.

నీ మీద కోపంగా ఉంది. ఎప్పుడు తగ్గుతుందో తెలియదు. కానీ ఆ పత్రం లేకపోతే ఆ గడియ ఇంకో పన్నెండేళ్లు అలాగే ఉండేది, నేను గిన్నె తోస్తూనే ఉండేదాన్ని. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఎటూ తేలడం లేదు.

కిన్పాచి వచ్చే రోజుకి ముందు నేను అత్తగారితో అన్నాను, ఆ రోజు ఎవరూ ఎత్తుకోలేదు కదా, ఇప్పుడు ఎత్తుకోమందాం, అప్పుడది బిడ్డ అవుతుంది కదా అని. ఆమె కళ్లు పెద్దవి చేసి, "పన్నెండేళ్లయ్యాకా?" అంది. ఇన్నేళ్ల తర్వాత చెల్లదని ఎవరైనా చెప్పారా అని అడిగాను. చెప్పలేదంది. గుడి గురువు గారిని అడిగితే ఆయనకీ తెలియదు. చేసి చూడండి అన్నాడు. కుండలు చేసే ఇంటి కోడలు వచ్చి ఎత్తుకుంటానని ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున మీ బావగారు దాన్ని ఎత్తుకుని నాలుగు దారుల దగ్గరికి మోసుకొచ్చారు. దానికి అంత దూరం నడక చేతకాదు. చేటలో కూర్చోబెట్టారు. పన్నెండేళ్ల పిల్ల చేటలో పడుతుందా? మోకాళ్లు బయటికి వచ్చాయి. ఊరంతా వచ్చారు, కొందరు నవ్వారు. అది కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇదేనా బయట?" అని అడుగుతోంది.

కుండల ఇంటి కోడలు రెండడుగులు వేసి ఆగిపోయింది. "ఎడో కాగితంలో అచ్చయ్యిందంట గదా వదినా, నాకు పిల్లలున్నారు" అని వెనక్కి వెళ్లిపోయింది. ఇంకెవరూ కదల్లేదు. అప్పుడు కిన్పాచి గుంపులోంచి నవ్వుతూ ముందుకొచ్చాడు. "పరాయి మనిషేగా కావాలి? నాకంటే పరాయివాడు ఎవడున్నాడిక్కడ? నేనెత్తుకుంటా" అన్నాడు. అతను ఎత్తుకుంటే ఆచారం ప్రకారం అది అతని బిడ్డే. అడగడానికి ఎవరికీ నోరుండదు. అత్తగారు గట్టు మీద కూలబడిపోయింది.

ఇలా అవుతుందేమోనని నాకు ముందే గుబులుగా ఉంది. అందుకే తెల్లవారుతూనే మీ బావగారి చేత విడాకుల చీటీ రాయించుకున్నాను. నేను ఆ ఇంటి కోడలిగా ఉంటే పరాయిదాన్ని కాను, ఎత్తుకోవడం చెల్లదు. ఆ చీటీ మూడున్నర వరసలే ఉంటుందని నీకు తెలుసు. ఆ మూడున్నర వరసలు రాయడానికి ఆయనకి అన్నం ఉడికినంతసేపు పట్టింది. రెండు కాగితాలు పాడుచేశారు. "ఇది ఉత్తుత్తిదేనా, నిజందా?" అని అడిగారు. ఉత్తుత్తిదైతే పనికిరాదన్నాను. ఆయన వేలిముద్ర వేసి, కాగితం నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి జరిపారు.

ఆ చీటీ తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాను. "నేను ఎడో ఆడదాన్ని. ఈ ఊళ్లో నాకు ఇల్లు లేదు, మొగుడు లేడు. దారిన పోతున్నాను. ఎవరో మంచి బిడ్డని పారేసుకున్నారు, నేనెత్తుకుంటున్నాను" అన్నాను. ఎత్తుకున్నాను, సేరోకూ. గంప కన్నా తేలిగ్గా ఉంది. నా మెడ చుట్టూ చేతులు వేయడం దానికి తెలియలేదు. నేనే ఒక్కొక్క చెయ్యీ తీసి వేసుకున్నాను. అక్కడే నిలబడి అందరి ముందూ ఏడ్చేశాను. కిన్పాచి చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎడో ఆడాళ్లతో పడలేం" అని ఉమ్మేసి పోయాడు.

ఇప్పుడు ఆనవాయితీ ప్రకారం అత్తగారు వచ్చి నన్ను బిడ్డనివ్వమని అడగాలి. లేచి వచ్చింది కూడా. సగం దారిలో ఆగిపోయింది. నన్ను ఏమని పిలవాలో తెలియలేదు కాబోలు. చివరికి, "దానికి ఎండ పడదు. కళ్లకి గుడ్డ కట్టు" అంది. అంతే అంది. రెండు రోజులు గుడిలో ఆగి చూశాను. అడగడానికి రాలేదు. మూడో రోజు పొద్దున గుడి మెట్ల మీద అన్నం ముద్దలు, చిరుగుల్లేని ఒక పాత దుప్పటి పెట్టి ఉన్నాయి.

గురువు గారు దారిచీటీ రాసిచ్చారు. నుయి, ఆమెకు దొరికిన కూతురు అని. పేరేమిటని అడిగితే మయు అని చెప్పాను. పట్టుగూడు అనే అర్థం దానికి నచ్చింది. మీ బావగారు మా మూట మోసుకుంటూ కనుమ పైదాకా వచ్చారు. రెండో పంట పురుగులు అయ్యాక ఎడో వస్తానన్నారు. రమ్మనలేదు, వద్దనలేదు. ఆయన పన్నెండేళ్లు కట్టెలు కొట్టుకుంటూ బతికారు. ఆ కోపం ఒక పక్క ఉంది. దిగేటప్పుడు తిరిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు, అదీ ఉంది. నా మనసేమిటో నాకే తెలియడం లేదు.

రోజుకి కొంచెం చొప్పున నడుస్తున్నాం. మధ్యమధ్య గుర్రం మీద ఎక్కిస్తున్నాను. ఎదురైన ప్రతి మనిషినీ చూపించి ఎవరని అడుగుతోంది. వంటామె, గుర్రాలాయన, గుడ్డి పాటగాడు. ఒక్కొక్కరూ వేరేవేరే మనుషులని, అందరూ ఒకలా ఉండరని తెలిసి చాలా గాభరా పడుతోంది. మాటిమాటికీ చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుంటోంది. నేను సరిగ్గా చేశానో లేదో దేవుడికే తెలియాలి.

ఇందాకే అడిగింది, మనం వెళ్లేచోట ఎవరున్నారని. నా తమ్ముడు ఉన్నాడన్నాను. అతను నాకేమవుతాడని అడిగింది. నువ్వు చేసిందంతా ఒక్కసారి కళ్లముందు తిరిగింది. అది నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

మేనమామ అని చెప్పాను, సేరోకూ. ఇంకో పది రోజులకల్లా వస్తాం. ఎక్కడికీ పోకు, ఇంట్లో ఉండు.

నుయి